గుమ్మం బయటి మేకు

అత్తగారి మీద ఫిర్యాదు రాయాలంటే డిటెక్టివ్‌కు దస్తా కాగితాలు చాలవు. చిక్కేమిటంటే ఆవిడ చేసే నేరాన్ని ఏ స్టేషనులోనూ నేరం కింద రాసుకోరు. ఆవిడకు ఇంట్లో ఏ వస్తువూ వదులుగా ఉండకూడదు. పప్పుల పొట్లం, మందుబిళ్ళల అట్ట, విరిగిన గొడుగు, చివరికి కోడలి కేసుల నోటుబుక్కు, అన్నిటికీ రబ్బరుబ్యాండే. ఎనిమిది నెలల కిందట గోడలకు రంగులు వేయించినప్పుడు సామాను సర్దుతూ, డిటెక్టివ్‌కు తల్లి గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క వెండి గ్లాసుకు, మూతగా పెట్టిన పళ్ళెం జారిపోకుండా రెండు బ్యాండ్లు బిగించి అటకెక్కించింది. నిన్న దింపి చూస్తే గ్లాసు నడుముకు నల్లటి వడ్డాణం. పళ్ళపొడితో తోమినా పోలేదు, పళ్ళు నూరుతూ తోమినా పోలేదు.

"నలుపే కదమ్మాయ్, వాడుతుంటే అదే పోతుంది" అంది అత్తగారు, పాలప్యాకెట్టు మూతికి ఇంకో బ్యాండు చుడుతూ.

ముప్పై ఏళ్ళుగా ఊరి దొంగల్ని పట్టుకుంటున్న మనిషి ఇంటి దొంగను సాక్ష్యంతో సహా పట్టుకుని కూడా ఏమీ చేయలేక, గ్లాసును సంచీలో వేసుకుని బయటపడింది. మధ్యాహ్నం రెండూ పదికి వెండిపని పెద్దాయన గుమ్మం ముందు నిలబడింది.

గ్లాసు బాగుచేయించడం ఒక సాకు. అసలు పని వేరే ఉంది. పొద్దున్నే పెద్దాయన కూతురు ఫోను చేసింది. నాలుగింటికి తనమీద బీమా కంపెనీ రిపోర్టు వెళ్ళిపోతుందనీ, ఆ తర్వాత పట్టుకెళ్ళడానికి వచ్చేది పోలీసులేననీ చెప్పింది. ఏడవకుండా చెప్పింది. అదే డిటెక్టివ్‌ను ఎక్కువ కంగారుపెట్టింది.

సంగతి ఇదీ. మ్యూజియంలో రెండువందల ఏళ్ళనాటి వెండి కూజా ఒకటుంది. మూత మడతబందు ఊడితే మరమ్మతుకని ఈ పనిశాలకు పంపారు. తొమ్మిది రోజులు ఇక్కడుంది. పెద్దాయన కొత్త చీల వేసి మూత బిగించాడు. మంగళవారం పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళి ఇచ్చింది కూతురే. బుధవారం పొద్దున మ్యూజియంలో వెండి గది చూసుకునే అధికారి, "ఇది అసలు కూజా కాదు, నకలు" అని గోలెత్తాడు. ఇవాళ గురువారం.

డిటెక్టివ్ ఫీజు మాట ఎత్తనివ్వలేదు. పెళ్ళయిన కొత్తలో, తల్లి పోయిన నెలకే, సొట్టలు పడిన ఆ గ్లాసును ఇదే గుమ్మానికి తెచ్చింది. పెద్దాయన సొట్టలన్నీ తీసి, అంచు దగ్గర చిన్న చిన్న నొక్కులు రెండు మాత్రం అలాగే వదిలేశాడు. ఇవెందుకు వదిలేశారని అడిగితే, "ఇవి పాలపళ్ళ గుర్తులు. మీ అమ్మగారు పాలు పడుతుంటే నువ్వు కొరికినవి. ఇవి తీసేస్తే నీకు మిగిలేది వట్టి వెండి" అన్నాడు. ఆ రోజు ఆమె ఈ గుమ్మంలోనే కూర్చుని తనివితీరా ఏడ్చింది. వస్తువు మీది గుర్తును చూసి దాని వెనక మనిషిని చదవవచ్చని తెలిసింది కూడా ఆ రోజే. తర్వాత అదే ఆమె వృత్తి అయింది.

అలాంటి పెద్దాయన, ఇప్పుడు గుర్తులు చదివి సొంత కూతురినే పట్టిచ్చాడు.

"అక్కడే ఆగు తల్లీ" అన్నాడు లోపలినుంచి వస్తూ. రెండు రోజుల్లో పదేళ్ళు మీదపడినట్టున్నాడు. "ఒంటిమీద, సంచీలో రబ్బరేమన్నా ఉందా?"

డిటెక్టివ్ నోటుబుక్కుకున్న బ్యాండు తీసి ఇచ్చింది. పెద్దాయన దాన్ని గుమ్మం బయట గోడకున్న మేకుకు తగిలించాడు. ఆ మేకును ఆయన తాత కొట్టాడట. రబ్బరులో గంధకం ఉంటుంది, గంధకానికీ వెండికీ బద్ధవైరం. అందుకని మూడు తరాలుగా ఆ ఇంట్లో రబ్బరు గడప దాటలేదు. పొద్దున పేపరుకు చుట్టొచ్చిన బ్యాండు కూడా ఆ మేకు దగ్గరే ఆగిపోవాలి. మేకుకు సన్నవి ఓ డజను వేలాడుతున్నాయి. వాటి మధ్య బొటనవేలంత వెడల్పున్న నల్లపట్టీలు రెండు, పొట్టేళ్ళ మందలో దున్నపోతుల్లా కనబడ్డాయి. డిటెక్టివ్ వాటిని ఓసారి చూసి, గ్లాసు తీసి ఇచ్చింది.

పెద్దాయన నల్ల వడ్డాణం మీద బొటనవేలు ఒక్కసారి తిప్పాడు. "ఏడెనిమిది నెలలు కట్టి ఉంచారు. రెండు రోజులదైతే గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇది లోపలికి తినేసింది. మెరుగు పెడితే లొంగదు, ఆకురాయి పట్టాల్సిందే. ఎవరు చేశారీ పని?"

"మా అత్తగారు. లెక్కకు సరిగ్గా ఎనిమిది నెలలు, బాబాయ్‌గారూ."

"పెద్దావిడ, తెలియక చేసుంటారు. ఏమీ అనకు."

అనాల్సినవన్నీ నిన్ననే అనేసింది కనుక, డిటెక్టివ్ బుద్ధిమంతురాలిలా తలూపి లోపలికి నడిచింది.

లోపల పనిబల్ల పక్కన, ఊళ్ళో అందరూ స్టాప్‌వాచ్ అని పిలిచే బీమా కంపెనీ పరిశోధకుడు కూర్చుని ఉన్నాడు. ఆ పరికరం నిజంగానే అతని మెడలో వేలాడుతుంటుంది. పోయినసారి ముత్యాల దండ కేసులో వంటమనిషిని దొంగ అని తేల్చి, దండ సోఫా కుట్లలో దొరికాక, "సమయాలు మాత్రం నేను సరిగ్గానే రాశాను" అన్న ఘనుడు. తప్పయిందన్న మాట అతని నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు.

"మీరొస్తారని అనుకున్నాను మేడమ్. మూడు నిమిషాలు ఆలస్యం" అన్నాడు.

"నీ రిపోర్టు తొందరగా తయారైందని విన్నాను నాయనా. అందుకే నెమ్మదిగా వచ్చాను."

బల్లమీద పెట్టె తెరిచి ఉంది, అందులో కూజా. మరోసారి గుర్తుపట్టించడానికి స్టాప్‌వాచ్ మ్యూజియం నుంచి తెచ్చాడు. పెట్టెకు కట్టిన పట్టీని పెద్దాయన గుమ్మంలోనే ఊడబీకి మేకుకు తగిలించాడని ఫిర్యాదు చేశాడు. "సాక్ష్యాధారమండీ అది. అధికారిగారు స్వయంగా కట్టిచ్చారు. పాత సైకిలు ట్యూబులు ఆయనే కోసుకుంటారట, డ్రాయరు నిండా అవే. మరమ్మతుకు పంపిన రోజు కూడా అలాగే కట్టి పంపారట. అంత జాగ్రత్త మనిషి."

డిటెక్టివ్ ఆ మాటను విననట్టే విని దాచుకుంది. "నీ సమయాలు చెప్పు" అంది.

అతను కాగితం చూడకుండానే చెప్పాడు. మంగళవారం పదకొండూ పదికి కూతురు పెట్టెతో బయల్దేరింది. మ్యూజియానికి నడక ఇరవై నిమిషాలు. అధికారి రిజిస్టరులో పెట్టె అందినట్టు రాసిన సమయం పన్నెండూ ముప్పై ఐదు. మధ్యలో అరవై ఐదు నిమిషాలు గాలిలో కలిసిపోయాయి. ఆ అరవై ఐదు నిమిషాల్లో అసలు కూజా ఎవరికో చేరింది, నకలు పెట్టెలోకి వచ్చింది. నకలును ఎవరు చేశారన్నదానికి సాక్షి ఎవరో కాదు, కన్నతండ్రి.

పెద్దాయన గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. డిటెక్టివ్ అడిగితే మెల్లిగా చెప్పాడు. కూజా లోపల అడుగున సుత్తి దెబ్బలు కొన్ని ఉన్నాయి. ప్రతి దెబ్బ పక్కనా గోరంత వంక గీత. ఆ గీత పడే సుత్తి ఊళ్ళో ఒక్కటే. కూతురు పదహారేళ్ళప్పుడు దాగలి ఇనుపదిమ్మె అంచున జారవిడిస్తే సుత్తి మొహానికి గాటు పడింది. అరగదీసి నున్నగా చేయమని నూరుసార్లు చెప్పినా వినలేదు. మడతబందు చీల కూడా పెద్దాయన వేసింది కాదు. నిన్న మ్యూజియానికి పిలిపించి చూపించిన ఇన్స్పెక్టరు దగ్గరా, ఇవాళ ఈ అబ్బాయి దగ్గరా అదే చెప్పాడు.

"నకలు ఆవిడ చేసిందే. కూజా ఇక్కడున్న తొమ్మిది రోజుల్లో, నేను లేనప్పుడు చూసి చేసుంటుంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు తల్లీ. ఇంకేమన్నా ఉంటే ఆవిడనే అడుగు."

కూతురు "ఆవిడ" అయి రెండు రోజులైంది. ఆ ఆవిడ కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద, మసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె తలపైన అరలో ఆమె చేసిన గిన్నెలున్నాయి. తండ్రి చేసిన వస్తువు మీద చెయ్యి పడిన జాడ ఉండదు, నీళ్ళు గడ్డకట్టినట్టుంటుంది. కూతురి గిన్నెలకు ఒళ్ళంతా సుత్తి దెబ్బలు, వంక గీతలు, నలిగిన అంచులు. మనిషి చేసిందని కనబడాలి కదా అంటుంది ఆమె. నలిపి పారేసిన కాగితానికి వెండి పూత అంటాడు ఆయన. ఈ వాదం ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది.

డిటెక్టివ్ ఆమె పక్కన ఇంకో పీట లాక్కుని కూర్చుంది. అడగాల్సినవి నాలుగే అడిగింది. కూతురు దాచకుండా చెప్పింది.

నకలు తను చేసిందే. ఈ తొమ్మిది రోజుల్లో కాదు, కిందటేడు. ఆమె గిన్నెల్ని మొదటిసారి మ్యూజియంలో పెట్టించింది ఆ అధికారే. ఇంట్లో కాగితమన్న వాటిని ఆయన చరిత్ర పక్కన నిలబెట్టాడు. ఆయన మాట్లాడుతుంటే గంటలు తెలిసేవి కావట. వెండిని చంద్రుడితో పోల్చని జాతి లేదనీ, విషం కలిస్తే రంగు మారుతుందన్న నమ్మకంతో రాజులు వెండి పాత్రల్లో తినేవారనీ, నీళ్ళు చెడకుండా ప్రయాణాల్లో కడవలో వెండి నాణెం వేసుకునేవారనీ, ఒక్క కొండలో వెండి పడితే దానికోసం సముద్రాలు దాటి ఓడలు నడిచాయనీ, ఏ గది ముందు నిలబడితే ఆ గది కథ చెప్పేవాడు. చూపులేనివాళ్ళు తడిమి చూసుకోవడానికి కూజాకు నకలు కావాలని ఆయన అడిగినప్పుడు, ఆ మనిషి రుణం తీర్చుకునే దారి దొరికిందని సంతోషపడింది. డబ్బు తీసుకోలేదు, కాగితం అడగలేదు. తర్వాత ఆయన, పైవాళ్ళు ఒప్పుకోలేదు, నకలు కరిగించేశాం అన్నాడు. ఇప్పుడు నకలు అడిగిన మాటే లేదంటున్నాడు.

"మీ నాన్నకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే, నకళ్ళు చేసే స్థితికి దిగావా అంటారక్కా. చేసేటప్పుడు అదొక్కటే భయం."

"లోపల గీతలు?"

"కావాలనే వదిలాను. పైన నాన్నలా చేసి, లోపల నాలా. ఎవరు తిప్పి చూసినా ఇది నకలని తెలియాలి కదా."

ఆ అరవై ఐదు నిమిషాల సంగతి కూడా చెప్పింది. పదకొండున్నరకే వెళ్ళింది. అధికారి పనిలో ఉన్నానని కూర్చోమన్నాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తన గిన్నె ఉన్న గదిలో గంటసేపు కూర్చుంది. ఎవరైనా చూశారా అంటే లేదు. మంగళవారం ఆ గదికి జనం రారు.

"కథ బాగుంది, కాగితమే లేదు" అన్నాడు స్టాప్‌వాచ్. "మూడూ పన్నెండు అయింది మేడమ్."

డిటెక్టివ్ భూతద్దం తీసింది. కూజాను రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుగులోకి పట్టుకుంది. ముందు అడుగు చూసింది. గోరంత వంకలు వరసగా, సంతకంలా ఉన్నాయి. మెడ, పొట్ట, పిడి చూసింది. మళ్ళీ పొట్ట దగ్గరకు వచ్చి ఆగింది. మెరుగు పెట్టిన వెండి కింద, పొట్ట చుట్టూ తిరిగి మూత మీదికి ఎక్కిన నల్లటి నీడ ఒకటుంది. బొటనవేలంత వెడల్పు. ఎవరో బాగా తోమారు, పోలేదు.

ఆమెకు నవ్వొచ్చింది. పాలప్యాకెట్టుకు బ్యాండు చుడుతున్న అత్తగారు కళ్ళముందు మెదిలింది. ఇంత పెద్ద రుణం ఆవిడకు పడాల్సి వస్తుందని నిన్న ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళమీదే కేసు పెట్టేది.

"బాబాయ్‌గారూ, ఒక్కసారి ఇలా రండి. అడుగు చూడకండి, పొట్ట చూడండి."

"చూసేదేముంది తల్లీ, చూశానుగా."

"మీరు అడుగే చూశారు. అక్కడ కూతురి దెబ్బ కనబడేసరికి ఇంకేమీ చూడలేదు. చెయ్యి పెట్టండి."

పెద్దాయన బొటనవేలు నల్లనీడ మీద పెట్టి తిప్పాడు. సగం తిరిగేసరికి ఆగిపోయాడు. రెండోసారి మెల్లిగా తిప్పాడు. డిటెక్టివ్ తన గ్లాసు తీసి కూజా పక్కన పెట్టింది.

"ఇది ఎనిమిది నెలల కట్టు అని గుమ్మంలో మీరే చెప్పారు. మరి అది?"

పెద్దాయన గ్లాసు మీది వడ్డాణాన్ని కూడా తడిమి చూశాడు. "దీనికన్నా లోతు" అన్నాడు చివరికి. "ఏడాది పైమాటే."

స్టాప్‌వాచ్ పెన్ను ఆగింది. డిటెక్టివ్ అతనివైపు తిరిగింది. "కూజా ఈ ఇంట్లో ఉన్నది తొమ్మిది రోజులు. నకలుకు రబ్బరు కట్టు పడి ఏడాది దాటింది. తొమ్మిది రోజుల్లో చేసిన వస్తువుకు ఏడాది మచ్చ ఎలా వస్తుందో, నీ చేతిలో పరికరం ఉంది కదా, లెక్కకట్టి చెప్పు."

అతను తొణకలేదు. "సరే, కిందటేడే చేసింది. ఎక్కడో కట్టి దాచింది. అంత మాత్రాన దొంగ కాకుండా పోతుందా?"

"రబ్బరుతోనా? ఈ ఇంట్లో పుట్టిన పిల్ల? పొట్టకోసినా వెండికి రబ్బరు చుట్టదు. నా నోటుబుక్కు బ్యాండుకే గుమ్మంలో సోదా జరిగింది. వెండికి రబ్బరు కట్టేవాళ్ళు రెండే రకాలు. మా అత్తగారి లాంటి అమాయకులు ఒకరు. వెండి కథలన్నీ నోటికొచ్చి, వెండిని ఎలా దాచాలో తెలియనివాళ్ళు ఇంకొకరు."

లేచి గుమ్మం బయటకు వెళ్ళి, మేకునుంచి రెండు నల్లపట్టీలూ తెచ్చింది. ఒకటి కూజాతో పదకొండు రోజుల కిందట వచ్చింది, ఇంకొకటి ఇవాళ స్టాప్‌వాచ్‌తో వచ్చింది. రెండుసార్లూ పెట్టె కట్టింది ఒక్కరే. ఒక పట్టీని వెండికి తగలకుండా నల్లనీడకు ఎదురుగా పట్టుకుంది. వెడల్పు వెంట్రుకవాసి తేడా లేదు. పట్టీ మధ్యన ట్యూబుకు ఉండే రెండు సన్నటి గాడులున్నాయి. నల్లనీడ మధ్యన, రబ్బరు తగలని చోట, రెండు సన్నటి తెల్లగీతలున్నాయి.

"పాత సైకిలు ట్యూబులు ఆయనే కోసుకుంటారని ఎవరో చెప్పారు" అంది డిటెక్టివ్. "ఎవరబ్బా?"

స్టాప్‌వాచ్ గాడులు లెక్కపెట్టాడు. గీతలు లెక్కపెట్టాడు. భూతద్దం అడిగి తీసుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. రెండే కనుక అంతసేపు పట్టకూడదు గానీ, పట్టింది.

"అంటే మంగళవారం ఈమె అసలు కూజానే ఇచ్చింది. గంటసేపు కూర్చోబెట్టి రిజిస్టరులో ఆలస్యం పుట్టించాడు. ఏడాదిగా దాచిన నకలును బుధవారం బయటికి తీసి, తనే అరిచాడు" అన్నాడు, ఎవరో వేరేవాళ్ళ తెలివి చెబుతున్నట్టు.

"మచ్చను తోమేశాక ఎవరి కంటా పడదని కూడా అనుకునుంటాడు. ముందు ఫోను చెయ్యి నాయనా."

మూడూ నలభై ఆరుకు మ్యూజియం గేటుకు ఫోను వెళ్ళింది. కాపలాదారు చెప్పిన జవాబును స్టాప్‌వాచ్ పొడిపొడిగా తిరిగి చెప్పాడు. అధికారిగారు పావుగంట కిందట సెలవుచీటీ ఇచ్చి వెళ్ళారు. రైలు నాలుగూ నలభైకి. చేతిలో ఒక పెట్టె ఉంది. దేనితో కట్టి ఉందని డిటెక్టివ్ సైగ చేస్తే, అదీ అడిగాడు. నల్లపట్టీతో.

కూతురు పీట మీంచి లేచింది. "కరిగించేస్తాడక్కా. అమ్మలేకపోతే కరిగిస్తాడు. రెండువందల ఏళ్ళ పని అరగంటలో ముద్దయిపోతుంది."

ఇన్స్పెక్టరుకు చెప్పి స్టేషనులో ఆపించమంది డిటెక్టివ్. స్టాప్‌వాచ్ కదల్లేదు. చిక్కు అతనే విప్పి చెప్పాడు. ఇన్స్పెక్టరు ఫైలులో పెద్దాయన వాంగ్మూలం ఉంది. నకలు ఆ తొమ్మిది రోజుల్లో తయారైందని, కూతురే చేసిందని, కింద సంతకం కూడా ఉంది. తండ్రి చెప్పిన ఆ మాట అలాగే ఉండగా, ఒక పెద్ద అధికారిని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి పెట్టె విప్పమని ఏ ఇన్స్పెక్టరూ అనడు.

"ఆ మాట మారాలి. ఆయనే మార్చాలి, నోటితో. నేను ఇప్పుడే ఇన్స్పెక్టరుకు ఫోను కలిపి వినిపిస్తాను" అన్నాడు. తర్వాత కొంచెం తగ్గి, "నా రిపోర్టు కూడా... మార్చాలి. అది నేను చూసుకుంటాను" అన్నాడు. అతని కొలతకు అది సాష్టాంగ నమస్కారం. డిటెక్టివ్ మనసులోనే థాంక్సు చెప్పుకుని ఊరుకుంది.

అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన కూజాను వదల్లేదు. చెయ్యి లోపలికి పెట్టి అడుగున వంక గీతల్ని వేళ్ళతో తడుముతున్నాడు, చూపులేనివాళ్ళు తడిమినట్టు. పైన వెండి ఆయన చేసినంత నున్నగా ఉంది. ఇంత నున్నటి పని కూతురికి వచ్చని ఆయనకు ఇప్పటిదాకా తెలియదు.

"ఇది నువ్వొక్కదానివే సాగగొట్టావా?" అన్నాడు, రెండు రోజుల్లో మొదటిసారి కూతురి మొహం చూసి.

"మీరు కొడుతుంటే చూసి నేర్చుకున్నాను నాన్నా."

స్టాప్‌వాచ్ ఫోను ముందుకు చాపాడు. అవతల ఇన్స్పెక్టరు హలో అంటున్నాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కూతురు వచ్చి పక్కన నిలబడింది. చెయ్యి పట్టుకోలేదు గానీ, పట్టుకోవాలంటే అందేంత దగ్గరలో నిలబడింది.

"అయ్యా, నేను వెండిపని ముసలివాణ్ణి. నిన్న మీ దగ్గర ఒక మాట రాయించాను. ఆ సుత్తి మా అమ్మడిదే, ఆ పనీ మా అమ్మడిదే, అందులో మార్పు లేదు. దొంగతనం మాత్రం మా అమ్మడిది కాదు. తొమ్మిది రోజుల్లో చేసిందని నేను చూడలేదు, దాని మీద కోపంతో అనేశాను. మచ్చ నా కళ్ళముందే ఉంది, చూసుకోలేదు. ఆ పట్టీ పెట్టె కట్టినాయనది, ఆయన్ని ఆపండి. నేను తప్పు చెప్పాను. తప్పు నాది."

ఫోను తిరిగిస్తూ స్టాప్‌వాచ్‌ను అడిగాడు, "ఎంతయింది బాబూ?"

"మూడూ యాభై రెండు."

"అది కూడా రాసుకో. ఈ ఇంట్లో ఈ మాట ఇంతవరకూ ఎవరం అనలేదు."